చింగ్‌మింగ్: పెద్దల సమాధిపై ఒక కాగితం

మన తెలుగు రైతుల లెక్కలో రేవతి కార్తె నడుస్తుండగా, ఏప్రిల్ 4, 5, 6 తేదీలలో ఏదో ఒకనాడు, చైనాదేశంలో కోట్లాది కుటుంబాలు చీపురు, కొడవలి, పూలు, వండిన పదార్థాలు చేతబట్టుకొని తమ పెద్దల సమాధులకు బయలుదేరుతాయి. ఆ పర్వదినానికి చింగ్‌మింగ్ అని పేరు. చింగ్ అనగా నిర్మలము, మింగ్ అనగా ప్రకాశము. చలి తొలగి, ఆకాశం తేటపడి, చెట్లు చిగురించే వేళ కనుక ఆ పేరు వచ్చింది. గతించినవారిని తలచుకొనే దినానికి ఇంత వెలుగుగల పేరుండడం నాకు మొదట వింతగా తోచింది.

ఈ ఆచారాన్ని గురించి నేను చదవడం మొదలుపెట్టినది పాండిత్యాభిలాషతో కాదు. సింగపూరులో ఒక చైనీయ వృద్ధురాలు నన్నొక ప్రశ్న అడిగింది. దానికి నేనిచ్చిన సమాధానం ఆమెకు తృప్తి కలిగించింది గాని నాకు కలిగించలేదు. ఆ ప్రశ్న ఏదో దాని చోట చెబుతాను. ముందుగా ఈ పర్వం పుట్టుపూర్వోత్తరాలు తెలుసుకుందాం.

చైనీయుల నూతన సంవత్సరం మొదలైన పండుగలు చాలావరకు చంద్రుని అనుసరిస్తాయి. చింగ్‌మింగ్ మాత్రం సూర్యుని అనుసరిస్తుంది. వారు సూర్యుని వార్షిక గమనాన్ని 15 డిగ్రీల చొప్పున 24 భాగాలుగా విభజించుకొన్నారు. వసంత విషువత్తు తరువాత సూర్యుడు పదిహేనవ డిగ్రీని చేరిన దినం చింగ్‌మింగ్. మన పరిభాషలో చెప్పాలంటే రవి సాయన మేషంలో సగానికి చేరిన దినం. మన నిరయన పంచాంగాల ప్రకారం ఆయన అప్పటికి ఇంకా మీనరాశిలోనే ఉంటాడు. క్రీ.పూ. 104 నాటి పంచాంగ సంస్కరణలో ఈ 24 భాగాలకు స్థిరమైన స్థానం లభించింది. మన రైతు కార్తెను చూసి విత్తనం చల్లినట్లే అక్కడి రైతు ఈ భాగాలను చూసి సేద్యం చేస్తాడు. చింగ్‌మింగ్ వచ్చిందంటే పాదులు పెట్టడానికి, చిక్కుడు జాతి గింజలు నాటడానికి అదను. అంటే మొదట ఇది పెద్దల పండుగ కాదు, పొలం పనులకు గుర్తు.

పెద్దల ఆరాధన మాత్రం చైనాలో అతిప్రాచీనం. అయితే పూర్వం అది ప్రధానంగా పితృమందిరాలలో జరిగేది. ఆ మందిరాలు కట్టుకొనే అధికారం అందరికీ సమానంగా లేదు. 'లీజీ' అనే ప్రాచీన ఆచారగ్రంథం చక్రవర్తికి ఏడు, సామంతరాజులకు ఐదు, ఉన్నతాధికారులకు మూడు, చిన్న ఉద్యోగికి ఒకటి చొప్పున పితృమందిరాలను విధించింది. సామాన్య ప్రజలకు ఒక్కటీ లేదు. వారు తాము కాపురముండే గదిలోనే పెద్దలను అర్చించుకోవాలి.

అదే గ్రంథంలో కన్ఫ్యూషియస్‌ను గురించిన ఒక వృత్తాంతం ఉంది. ఆయన పసివాడుగా ఉండగానే తండ్రి మరణించాడు. తరువాత తల్లి కూడా మరణించగా ఆమెను తండ్రి ప్రక్కనే ఖననం చేశాడు. పూర్వుల పద్ధతిలో సమాధిపై మట్టిదిబ్బ ఉండదు. కాని తాను నాలుగు దిక్కులా తిరిగే మనిషి. గుర్తు లేకపోతే తిరిగి వచ్చినప్పుడు ఆ చోటును పోల్చుకోలేడు. అందుచేత శాస్త్రంలో లేకున్నా దిబ్బ పోయించాడు. తాను ముందుగా ఇంటికి వచ్చేశాడు. వెనుక పెద్ద వాన కురిసింది. శిష్యులు ఆలస్యంగా వచ్చి దిబ్బ కూలిపోయిందని చెప్పారు. గురువు బదులు పలుకలేదు. వారు మూడుసార్లు చెప్పిన తరువాత కన్నీరు పెట్టుకొని, పూర్వులు సమాధులకు మరమ్మతు చేసేవారు కారని అన్నాడట. ఆ మాటకు వ్యాఖ్యాతలు అర్థాలు చాలా చెప్పారు. నా మనసులో నిలిచినది ఆ దిబ్బకు ఆయన చెప్పుకొన్న కారణం: ఊరు విడిచి తిరిగేవాడికి గుర్తు కావాలి.

సమాధి వద్దకు వెళ్ళే ఆచారం వసంతంలోని ఈ దినాలతో ముడిపడడానికి మరొక పర్వం కారణమైంది. దాని పేరు హాన్‌షీ, అనగా చల్లని భోజనం. శీతకాలపు అయనం నుండి 105వ రోజున, అంటే చింగ్‌మింగ్‌కు ఒకటి రెండు రోజుల ముందు అది వస్తుంది. ఆనాడు పొయ్యి వెలిగించరాదు. దీనికి ఒక కథ చెబుతారు. జిన్ రాజ్యపు రాజకుమారుడు చోంగ్-అర్ 19 సంవత్సరాలు పరదేశాలలో తలదాచుకొన్నాడు. ఒకనాడు ఆకలితో సొమ్మసిల్లగా జియే జితుయ్ అనే అనుచరుడు తన తొడ కోసి, ఆ మాంసంతో కషాయం కాచి త్రాగించాడు. క్రీ.పూ. 636లో చోంగ్-అర్ రాజయ్యాడు. తన వెంట నడిచినవారందరికీ బహుమానాలిచ్చాడు, జియేను మరచాడు. జియే ఏమీ అడుగలేదు. వృద్ధురాలైన తల్లిని తీసుకొని అడవిలోకి వెళ్ళిపోయాడు. రాజు పశ్చాత్తాపంతో వెదకించాడు, దొరకలేదు. నిప్పు పెడితే బయటకు వస్తాడని ఎవరో చెప్పగా కొండ అడవికి మూడువైపులా నిప్పంటించారు. తల్లీకొడుకులు ఒక చెట్టు మొదట దహనమై కనిపించారు. అది మొదలు ఆ దినాన దేశంలో నిప్పు రాజేయరాదని రాజు శాసించాడట.

ప్రాచీన చరిత్ర గ్రంథాలలో నిప్పు ప్రసక్తి లేదు. జియే తల్లితో అజ్ఞాతంగా జీవించి మరణించాడని, రాజు అతని పేర కొంత భూమిని కేటాయించి తన తప్పును లోకానికి తెలిసేటట్లు చేశాడని మాత్రమే ఉంది. మంటల కథ తరువాతి కాలపు కల్పన కావచ్చు. కాని ప్రజలు దానిని ప్రాణం మీదికి తెచ్చుకొనేటంతగా నమ్మారు. ఉత్తర చైనాలోని షాన్సీ ప్రాంతంలో నడి చలికాలంలో నెలరోజుల పాటు నిప్పు లేకుండా చల్లని తిండి తిని వృద్ధులు, పిల్లలు మరణించేవారు. క్రీ.శ. 206లో త్సావ్ త్సావ్ అనే పాలకుడు దానిని నిషేధిస్తూ ఆజ్ఞ జారీ చేయవలసి వచ్చింది. ఆజ్ఞలు వచ్చాయి, పోయాయి, ఆచారం మాత్రం కాలపరిమితి తగ్గించుకొని నిలిచింది. తాంగ్ వంశపు చక్రవర్తుల కాలంలో హాన్‌షీ ముగిసి చింగ్‌మింగ్ రాగానే కొయ్యతో కొయ్యను మథించి కొత్త అగ్నిని పుట్టించేవారు. ఆ అగ్నిని రాజప్రాసాదం నుండి ఉన్నతాధికారుల ఇళ్ళకు పంపేవారు. యజ్ఞశాలలో అరణి మథనం చూసినవారికి ఇది పరిచితంగానే తోస్తుంది.

ఇక ముఖ్యమైన ఘట్టం. 732లో తాంగ్ చక్రవర్తి షువాన్‌త్సుంగ్ ఒక శాసనం వెలువరించాడు. హాన్‌షీనాడు సమాధి వద్దకు వెళ్ళడం ప్రాచీన శాస్త్రాలలో లేదని ఆయన ఒప్పుకొన్నాడు. అయినా అది కొంతకాలంగా జనంలో ఆచారమై పాతుకొన్నది. పితృమందిరంలో అర్చించే అర్హత లేని సామాన్యులు తమ మాతాపితృభక్తిని మరి ఎక్కడ చూపుకోవాలి? కనుక వారిని సమాధుల వద్దకు వెళ్ళనివ్వండి అని అనుమతించి, ఆ విధిని రాజ్యపు కర్మకాండలో చేర్పించాడు. అక్కడ గానబజానాలు మాత్రం కూడదన్నాడు. 736లో హాన్‌షీ, చింగ్‌మింగ్‌లకు కలిపి ఉద్యోగులకు నాలుగు రోజుల సెలవు కూడా ఇచ్చారు. రాజు ఒక ఆచారాన్ని కల్పించి ప్రజలపై రుద్దడం చరిత్రలో తరచుగా చూస్తాం. ఇక్కడ జరిగినది దానికి విరుద్ధం. గుడి లేనివారు మట్టి దగ్గర చేసుకొంటున్న పూజకు శాస్త్రమే వెనుక నడిచి వచ్చింది. కాలక్రమంలో హాన్‌షీ చింగ్‌మింగ్‌లో కలిసిపోయింది.

సమాధి వద్ద చేసే పనులలో మొదటిది పూజ కాదు, శుభ్రపరచడం. అందుకే ఈ పర్వానికి సమాధి ఊడ్చే పండుగ అని కూడా పేరు. ఏడాది పొడుగునా మొలిచిన గడ్డిని పెరికివేస్తారు. ఆకులు ఊడుస్తారు. వానలకు జారిన దిబ్బపై కొత్త మట్టి పోస్తారు. శిలాఫలకంపై వెలిసిన అక్షరాలకు మళ్ళీ రంగు దిద్దుతారు. ఆ తరువాతనే దీపాలు, అగరువత్తులు, తేనీరు, మద్యం, అన్నం, పండ్లు, వండిన కోడి, పందిమాంసం మొదలైనవి సమర్పిస్తారు. (నైవేద్యంలో మాంసం మన పాఠకులలో కొందరికి రుచించకపోవచ్చు. ఉన్నది ఉన్నట్లు చెప్పడమే ఉచితం.) వయసు వరుసలో ఒక్కొక్కరు వచ్చి సాగిలి మ్రొక్కుతారు. అటుపై పరలోకంలో చెల్లుతుందని నమ్మే కాగితపు ద్రవ్యాన్ని దహిస్తారు. దిక్కులేని ప్రేతాలు దానిని అపహరించకుండా చుట్టూ గిరి గీసే అలవాటు కొన్నిచోట్ల ఉంది. అగరువత్తులు కాలేవరకు వేచి ఉండి, నివేదించిన ఆహారాన్ని కుటుంబమంతా పంచుకొని భుజిస్తుంది. ప్రసాదమనే మాట వారి భాషలో లేకపోవచ్చును గాని భావం అదే.

ఇక కాగితం సంగతి. పూర్వం సమాధులలో నిజమైన నాణేలనే పాతిపెట్టేవారు. తాంగ్ యుగం నాటికి వాటి స్థానంలో కాగితాలు వచ్చాయి. కాని హాన్‌షీనాడు నిప్పు రాజేయరాదు, మరి కాగితం దహించడం ఎలా? అందుచేత ఆ కాగితాలను కొమ్మలకు వ్రేలాడదీసేవారు, సమాధిపై పరచేవారు. నిప్పు నిషేధం ఎప్పుడో పోయింది. కాగితాలు పరచే పద్ధతి మాత్రం దక్షిణ చైనాలో నేటికీ ఉంది. రంగు కాగితాలను దిబ్బపై అక్కడక్కడ ఉంచి, ఎగిరిపోకుండా రాళ్ళు పెడతారు. ఆ కాగితాలే ఆ పెద్దలకు సంతతి ఉన్నదని, ఈ ఏడు వచ్చి వెళ్ళారని దారినపోయేవారికి తెలిపే గుర్తు. కాగితం లేని సమాధిని చూస్తే అయ్యో అనుకొంటారు.

చల్లని భోజనపు జాడ వంటకాలలోనూ మిగిలింది. యాంగ్జీ నది దిగువ ప్రాంతంలో చింగ్‌త్వాన్ అనే పచ్చని ఉండలు చేస్తారు. జిగురు బియ్యపు పిండిలో మాచిపత్రి జాతి లేత ఆకుల రసం కలిపి, లోపల ఎర్రచిక్కుడు గింజల తీపి పూర్ణం పెట్టి ఆవిరిపై ఉడికిస్తారు. ముందే చేసి పెట్టుకొని చల్లారిన తరువాత తింటారు. మన పూర్ణపు కుడుములకు ఇవి దూరపు చుట్టాలని నా అభిప్రాయం. సమాధి పని ముగిశాక పచ్చిక బయళ్ళలో తిరగడం, గాలిపటాలు ఎగురవేయడం, ఉయ్యాలలూగడం, ద్వారానికి విల్లో కొమ్మ గుచ్చడం కూడా ఈ పర్వంలో భాగమే. దుఃఖమూ ఉల్లాసమూ ఒకే దినాన ఎలా పొసగుతాయని మొదట అనుకొన్నాను. తెలంగాణలో పెద్దలకు బియ్యమిచ్చే పెత్రమాస నాడే ఎంగిలిపూల బతుకమ్మ మొదలవుతుందని గుర్తుకు వచ్చాక ఆ సందేహం తీరింది.

ఇరవయ్యవ శతాబ్దంలో ఈ ఆచారం గడ్డుకాలం చూసింది. 1966లో మొదలైన సాంస్కృతిక విప్లవంలో పితృపూజను మూఢాచారంగా నిందించారు. అయినా ఆ దశాబ్దం చివరనే, 1976 చింగ్‌మింగ్ నాడు, ఆ జనవరిలో మరణించిన ప్రధాని చౌ ఎన్-లైకి నివాళిగా బీజింగ్‌లోని తియానన్మెన్ మైదానాన్ని ప్రజలు పుష్పచక్రాలతో నింపివేశారు. అధికారులు వాటిని తొలగించగా మరునాడు పెద్ద అలజడి చెలరేగింది. 2008 నుండి చింగ్‌మింగ్ మళ్ళీ ప్రభుత్వ సెలవుదినం. 2020లో ఆ దినం ఏప్రిల్ 4న వచ్చింది. ఆనాడు ఉదయం 10 గంటలకు కరోనా మృతుల కొరకు దేశమంతా మూడు నిమిషాలు మౌనం పాటించింది. కాని వూహాన్ నగరంలో సొంతవారి సమాధుల వద్దకు వెళ్ళడానికే ఆ రోజు అనుమతి లేదు.

ఇటీవల మరొక మార్పు వచ్చింది. ఉద్యోగాల కొరకు దూరనగరాలకు వెళ్ళినవారి తరఫున రుసుము పుచ్చుకొని సమాధి ఊడ్చి, పూలు పెట్టి, మ్రొక్కి, ఆ దృశ్యాన్ని ఫోనులో చూపించేవారు ఏర్పడ్డారు. ఈ సంగతి చదివి నవ్వబోయి ఆగిపోయాను. ఎందుకాగానో చెప్పాలంటే సింగపూరుకు రావాలి.

సింగపూరు చైనీయులలో అనేకుల పూర్వులు దక్షిణ చైనాలోని ఫూజియన్ తీరం నుండి ఓడలెక్కి వచ్చినవారు. (ఆ తీరంలోని ఛ్యువాన్‌జౌ రేవులో 13వ శతాబ్దంలో తమిళ వర్తకులు శివాలయం కట్టించారు. ఆ శిల్పాలు ఇప్పటికీ అక్కడి ప్రదర్శనశాలలో ఉన్నాయి.) ఉపాధ్యాయ వృత్తి నుండి విరమించిన తరువాత నేను మా అమ్మాయి వద్ద అక్కడ కొన్ని నెలలు ఉన్నాను. మా ఎదుటి వాటాలో ఒక వృద్ధురాలు ఉండేది. మనవలు ఆమెను ఆ-మా అని పిలిచేవారు. మా ఇంటి పిల్లలూ అలాగే పిలిచేవారు. అమ్మ అనే మాటే అనుకొన్నాను గాని వారి భాషలో దానికి నాయనమ్మ అని అర్థమట. చింగ్‌మింగ్‌కు ముందు వచ్చిన ఆదివారం ఆమె కుటుంబం చువా చు కాంగ్ శ్మశానవాటికకు వెళుతూ నన్నూ రమ్మన్నారు. పదిరోజుల ముందు నుండి పదిరోజుల తరువాతి వరకు ఎప్పుడు వెళ్ళినా చెల్లుతుందట.

తెల్లవారుజామున చేరాము. అది ఆమె భర్త సమాధి. ఫలకం పైభాగాన చైనాలోని స్వగ్రామం ఉన్న జిల్లా పేరు, మధ్యన ఆయన పేరు, ప్రక్కన కొడుకుల, మనవల పేర్లు చెక్కి ఉన్నాయి. ఫలకంపై పేరున్న మనవడే కుంచెతో ఆ అక్షరాలకు రంగు దిద్దాడు. కోడళ్ళు గడ్డి పెరికారు. ఆ-మాకు మోకాళ్ళ నొప్పి. అయినా తన వంతు గడ్డి తానే పెరుకుతానని కూర్చున్నది. నైవేద్యమైన కొంతసేపటికి పెద్దకొడుకు చంద్రవంక ఆకారంలోని రెండు చెక్కముక్కలను నేలపై వేశాడు. ఒకటి వెల్లకిల, ఒకటి బోర్ల పడితే తండ్రి భోజనం ముగించినట్లు. మొదటిసారి రెండూ ఒకే తీరుగా పడ్డాయి. "ఇంకా తింటున్నారు, తొందరపెట్టకు" అన్నది ఆ-మా. మనవడు ఆ మాటను నాకు ఇంగ్లీషులో చెప్పాడు.

ఆ సమాధి వద్ద వారికది చివరి చింగ్‌మింగ్. సింగపూరులో స్థలం తక్కువ. 1998 నుండి అమలులో ఉన్న నియమం ప్రకారం సమాధికి 15 సంవత్సరాలే గడువు. తరువాత అస్థులను తీసి, దహించి, చితాభస్మాన్ని గోడగూడులో భద్రపరుస్తారు. వారికి అప్పటికే నోటీసు వచ్చింది. ఆ-మా దానిని గురించి ఏమీ అనలేదు. రంగు కాగితాలు తీసి, ఒక్కొక్కదానిపై ఒక్కొక్క రాయి తానే పెట్టింది.

అప్పుడడిగింది, మీ తండ్రిగారి సమాధి ఇప్పుడెవరు శుభ్రం చేస్తున్నారని. మాకు సమాధి ఉండదని, దహనం చేసి అస్థికలను గోదావరిలో కలిపామని చెప్పాను. ఆమె కొంచెం ఆలోచించి, మనవడి ద్వారా మరొక ప్రశ్న వేసింది:

"అయితే మీరు వచ్చినట్టు ఆయనకు ఎలా తెలుస్తుంది?"

ఏడాదికొకసారి తిథినాడు పిండం పెట్టి, నువ్వులు నీళ్ళు విడుస్తామని, అప్పుడు గోత్రం చెప్పి, తండ్రి, తాత, ముత్తాతలను ముగ్గురినీ పేరుపేరునా పిలుస్తామని చెప్పాను. ఆమె ముఖం విప్పారింది. "పేరు పెట్టి పిలుస్తారా! అది చాలు" అన్నది.

నేను చెప్పినది శాస్త్రం. జరుగుతున్నది వేరు. మా నాన్నగారి తిథి ఫాల్గుణ బహుళ సప్తమి. ఆ ఏడు అది చింగ్‌మింగ్‌కు కొద్దిరోజుల ముందే వచ్చింది, వెళ్ళింది. అంతకు ముందు తొమ్మిదేళ్ళుగా నేను చేస్తున్నది ఒక క్షేత్రంలోని సత్రానికి డబ్బు పంపడమే. ఉద్యోగమని కొన్నాళ్ళు, ప్రయాణమని కొన్నాళ్ళు, ఆరోగ్యమని కొన్నాళ్ళు. మా నాన్నగారిని ఎన్నడూ చూడని ఒక బ్రాహ్మణుడు రసీదు చూసి ఆయన పేరు చదివేవాడు. ఆయన తప్పు ఇందులో లేదు, ఆయన తన పని శ్రద్ధగానే చేసి ఉంటాడు. ఇవేవీ నేను ఆ-మాకు చెప్పలేదు.

మరుసటి ఏడాది వారి మనవడు మా అమ్మాయికి ఒక ఫోటో పంపాడు. వరుసలు వరుసలుగా గూళ్ళున్న గోడ. ఒక గూటి ముందు ఆ-మా తడిగుడ్డతో చిన్న ఫలకాన్ని తుడుస్తున్నది. అక్కడ పెరకడానికి గడ్డి లేదు, కాగితంపై రాయి పెట్టడానికి చోటు లేదు. తుడిచినదే తుడుస్తూ చాలాసేపు నిలబడిందని వ్రాశాడు.

ఈ ఫాల్గుణంలో నేను మా ఊరికి వెళ్ళాను. పెదనాన్నగారి అబ్బాయి, మా అన్నయ్య, ఇప్పటికీ ఆ పాత ఇంట్లోనే ఉన్నారు. ఇల్లంతా కడిగించి, మా వదినగారి చేత మడి వంట చేయించారు. దర్భాసనంపై కూర్చున్నాను. పురోహితుడు గోత్రం అడిగారు, చెప్పాను. తండ్రిగారి పేరు అడిగారు, చెప్పాను. తాతగారి పేరు చెప్పాను. ముత్తాతగారి పేరు అడిగేసరికి నా నోట మాట రాలేదు. ఏటేటా రసీదు కొరకు వ్రాసి పంపిన పేరే. పురోహితుడు చేతిలో నీళ్ళతో ఆగారు. వెనుక గుమ్మం దగ్గర నుంచి అన్నయ్య మెల్లగా అందించారు.